సీటు వచ్చింది సరే, ఆ క్లాసులో మా బాబు నెగ్గుకొస్తాడా?

ప్రశ్న: మా బాబుకు పదకొండేళ్లు. చదువుకు బాగా పేరున్న ప్రైవేట్ స్కూల్లో ఆరో తరగతికి సీటు వచ్చింది. నాలుగు నెలలు ట్యూషన్ పెట్టిస్తే రెండో లిస్టులో పేరు వచ్చింది. అక్కడ వారం వారం టెస్టులుంటాయి, మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తుంటారు. ఇప్పుడున్న స్కూల్లో బాబు మొదటి ఐదుగురిలో ఉంటాడు. చదువంటే ఇష్టమే కానీ నిదానం. ఒక లెక్క పట్టుకుంటే సాయంత్రమంతా దాంతోనే కూర్చుంటాడు, పరీక్షలో మాత్రం టైమ్ చాలదు. మావారు చేర్పించాల్సిందే అంటున్నారు. నాకేమో భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసినంతలో చూస్తే, ఈ ఏడాది చేర్పించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అలాగని మీవారి మాటను కొట్టిపారేయలేను. కొంతమంది పిల్లలకు ఇలాంటి స్కూలు నిజంగా వరం. టీచరు మొదలుపెట్టేసరికే పాఠం అర్థమైపోయి, తనలా ఆలోచించే తోటివాడు ఒక్కడూ దొరక్క, కష్టపడే అలవాటే తప్పిపోతున్న పిల్లవాడు అక్కడికి వెళ్తే తేరుకుంటాడు. మీ బాబు అలా విసుగెత్తిపోతున్నాడని మీరెక్కడా రాయలేదు. సాయంత్రమంతా ఒకే లెక్కతో కూర్చోగలుగుతున్నాడంటే చదువు మీద ఆకలి చావలేదన్నమాట. దాన్ని కాపాడుకోవాలి.

సీటు వచ్చిందా లేదా అన్నదాని కన్నా, వచ్చాక ఆ క్లాసులో ఎక్కడుంటాడన్నది ముఖ్యం. పిల్లలు తమ తెలివిని పక్క బెంచీవాళ్లతో పోల్చుకునే అంచనా వేసుకుంటారు. హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల నుంచీ ఈ విషయం మీదే పనిచేశారు. దీనికి ‘పెద్ద చేప, చిన్న చెరువు’ ప్రభావం అని పేరు. 2003లో 26 దేశాల్లో లక్ష మందికి పైగా పదిహేనేళ్ల పిల్లల వివరాలు పరిశీలిస్తే, సామర్థ్యం సమానంగా ఉన్న పిల్లల్లో, అందరూ బాగా చదివే స్కూల్లో ఉన్నవాళ్లకే ‘నాకు చదువొచ్చు’ అన్న నమ్మకం తక్కువగా కనిపించింది. నాలుగు నెలల ట్యూషన్‌తో రెండో లిస్టులో వచ్చిన పిల్లవాడు బహుశా ఆ క్లాసులో కింది సగంలోనే మొదలవుతాడు. ఇన్నాళ్లూ మొదటి ఐదుగురిలో ఉన్నవాడికి అది చిన్న దెబ్బ కాదు.

మంచి విద్యార్థుల మధ్య కూర్చుంటే చదువు దానంతటదే వస్తుందని మీవారు అనుకుంటూ ఉండొచ్చు. జాషువా ఆంగ్రిస్ట్, పరాగ్ పాఠక్ తదితర ఆర్థికవేత్తలు బోస్టన్, న్యూయార్క్‌లలో ప్రవేశ పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ హైస్కూళ్ల మీద 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. కొద్ది మార్కులతో సీటు దక్కినవాళ్లకూ కొద్దిలో తప్పిపోయినవాళ్లకూ తర్వాతి పరీక్షల్లో పెద్ద తేడా కనిపించలేదు. మీ బాబు కూడా ఆ అంచు మీదే ఉన్నాడు కాబట్టి ఈ సంగతి మీవారికి చెప్పండి.

ఇక నిదానం గురించి. నిదానంగా ఆలోచించడం లోపం కానే కాదు. పై క్లాసుల్లో లోతైన లెక్కలు వచ్చేసరికి అదే బలమవుతుంది. అయితే వారం వారం టెస్టు పెట్టి సెక్షన్ మార్చే పద్ధతిలో లోతు కన్నా వేగానికే మార్కులు. ఇంట్లో ఒక పని చేసి చూడండి. వాడి స్థాయి కన్నా కాస్త కష్టమైన లెక్కలు మూడు ఇవ్వండి, టైమ్ పెట్టకండి. ఇంకో రోజు అలాంటివే మూడు గడియారం ఎదురుగా పెట్టి ఇవ్వండి. మార్కులు వేయొద్దు, చేతులు గమనించండి. రాని చోట పక్కన బొమ్మ గీసుకుని ఇంకో దారి వెతుకుతున్నాడా? మీరు దగ్గరికి రాగానే పేజీని మోచేత్తో కప్పేస్తున్నాడా? గడియారం పెట్టిన రోజు మాత్రమే కప్పేస్తుంటే, ఆ స్కూల్లో ప్రతి వారం జరిగేది అదే.

ఆ స్కూలుకు కూడా ఒకసారి వెళ్లండి. టాపర్ల ఫొటోల దగ్గర ఆగొద్దు. క్లాసులో మధ్యస్థంగా ఉన్న పిల్లవాడి లెక్కల నోట్‌బుక్ పేరు కనిపించకుండా చూపించమనండి. తప్పు పక్కన అడ్డగీత కొట్టి వదిలేశారా, ఎక్కడ పొరబడ్డాడో రాసి మళ్లీ చేయించారా చూడండి. కింది సెక్షన్‌కు పోయిన పిల్లలకు ఎవరు సాయం చేస్తారని అడగండి. ఆరో తరగతిలో చేరినవాళ్లలో ఎంతమంది చివరిదాకా అక్కడే చదివారని కూడా అడగండి. మధ్యలో మానేసినవాళ్లు ఫలితాల లెక్కలోకి రారు కదా. ఇవి అడిగితే చిరాకుపడే స్కూలైతే మీకు జవాబు అక్కడే దొరికినట్టు.

నిద్ర సంగతి కూడా చూసుకోండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. ప్రయాణం, హోంవర్క్, మళ్లీ పెట్టించాల్సి వచ్చే ట్యూషన్ అన్నీ కాగితం మీద వేసి చూడండి. తొమ్మిది గంటలు మిగలకపోతే ఆ టైమ్‌టేబుల్ మీ వాడిది కాదు.

బాబును ‘వెళ్తావా?’ అని అడిగితే మీ ఇద్దరిలో ఎవరి ముఖం చూసి జవాబు చెప్పాలా అని సతమతమవుతాడు. స్కూలు ఒప్పుకుంటే ఒక రోజు అక్కడ క్లాసులో కూర్చోబెట్టి, ఇంటికొచ్చాక ఏం జరిగిందో చెప్పనివ్వండి. పాఠం గురించి మాట్లాడుతున్నాడా, ర్యాంకుల గురించేనా అన్నది వినండి. నోట్‌బుక్ బాగుండి, పాఠం గురించి కళ్లు మెరుస్తూ చెబితే నా అభిప్రాయం పక్కనపెట్టి చేర్పించండి.

చేర్పిస్తే మాత్రం, ‘నీ కోసం ఇంత ఫీజు కడుతున్నాం’ అన్న మాట ఇంట్లో ఎప్పుడూ వినపడకూడదు. మొదటి టర్మ్ అయ్యాక మళ్లీ మాట్లాడుకుందామని ముగ్గురూ ముందే అనుకోండి. ఇప్పుడున్న స్కూల్లో తిరిగి చేర్చుకుంటారో లేదో టీసీ తీసుకునే ముందే కనుక్కోండి.