కదలని సీటు పైపుకి మంట పెట్టకండి

ప్రశ్న: మేస్త్రిగారికి నమస్కారం. మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. మా అబ్బాయి ఇంటర్ చదివేటప్పుడు కొన్న గేర్ల సైకిలు ఆరేళ్లుగా మేడమీద పడి ఉంది. ఈమధ్య నాకు షుగర్ వచ్చింది. రోజూ సైకిలు తొక్కమని డాక్టరు చెబితే కిందికి దింపాను. వాడికన్నా నేను పొట్టి. సీటు రెండంగుళాలు దించుకుందామంటే, బోల్టు పూర్తిగా విప్పేసినా సీటు పైపు కదలనంటోంది. అది ఫ్రేములోకి దిగే చోట సున్నంలాంటి తెల్లపొడి పేరుకుంది. మా వీధి మెకానిక్ సీటు పట్టుకుని గుంజాడు, సుత్తితో కొట్టాడు. సీటు కింది కమ్మీ వంగింది గాని లాభం లేదు. గ్యాస్ వెల్డింగ్ షాపులో వేడి చేయిస్తే ఊడొస్తుందంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: వద్దు. ముందు ఆ గ్యాస్ మాట మానేయండి, మిగతాది తరవాత మాట్లాడుకుందాం.

ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతం బొమ్మ ఒకటి తీసుకుని సైకిలు దగ్గరికి వెళ్లండి. ఫ్రేముకి ఒకసారి, సీటు పైపుకి ఒకసారి ఆనించి చూడండి. రెండింటికీ పట్టుకుంటే ఇనుములో ఇనుము ఇరుక్కుంది. ఫ్రేముకి పట్టి పైపుకి పట్టకపోతే ఇనుములో అల్యూమినియం. రెండింటికీ పట్టకపోతే అల్యూమినియంలో అల్యూమినియం. ఏ లోహంలో ఏ లోహం ఉందో తెలియకుండా సుత్తి ఎత్తకూడదని మా నాన్న చెప్పేవాడు. ఆయన కాలంలో అన్నీ ఇనుప సైకిళ్లే అయినా ఎందుకు చెప్పేవాడో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు.

ఇనుముకి పట్టేది ఎర్రటి తుప్పు. మీరు రాసిన తెల్లపొడి అల్యూమినియం వదిలేది. కాబట్టి మీది బహుశా రెండో రకం, అయినా అయస్కాంతంతో చూసుకోండి. రెండు వేరువేరు లోహాలు ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యలో ఉప్పు తేమ చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారైనట్టే. అందులో అరిగిపోయేది అల్యూమినియం. అరిగి అది పొడి అవుతుంది, ఆ పొడికి అసలు లోహంకన్నా ఎక్కువ చోటు కావాలి. ఫ్రేముకీ పైపుకీ మధ్య ఉండే సందు వెంట్రుకంత. అందులో ఆ పొడి చీల కొట్టినట్టు బిగుసుకుపోతుంది. మీ ఊళ్లో సముద్రం పక్కనే. మేడమీద ఆరేళ్లంటే ఉప్పుగాలికి కావలసినంత తీరిక దొరికింది.

ఇక గ్యాస్ సంగతి. ఈ తప్పు నేనే చేశాను కాబట్టి చెబుతున్నాను. కాకినాడ జగన్నాథపురంలో మాది అద్దె సైకిళ్ల షాపు. 2009లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడు సరిగ్గా ఇలాంటి సైకిలే తెచ్చాడు. ఇనుప సైకిళ్లకి చేసినట్టే ఫ్రేము మెడ చుట్టూ, అంటే సీటు పైపు లోపలికి దిగే చోట, మంట పెట్టించాను. ఎర్రటి రంగు బుడగలు లేచి నల్లగా మాడింది, స్టిక్కర్లు కాలాయి. పైపు మాత్రం ముందుకన్నా గట్టిగా పట్టేసింది. వేడికి ఇనుము ఎంత సాగుతుందో అల్యూమినియం దాదాపు దానికి రెట్టింపు సాగుతుంది. మీటరు కమ్మీని 100 డిగ్రీలు వేడి చేస్తే ఇనుము 1.2 మిల్లీమీటర్లు, అల్యూమినియం 2.3 మిల్లీమీటర్లు. లోపలున్నది ఎక్కువ ఉబ్బి, బయటున్నది తక్కువ సాగితే ఇంకేం వస్తుంది? ఆ కుర్రాడి ఫ్రేముకి నా డబ్బుతో రంగు వేయించి ఇచ్చాను.

మీకు కావలసింది వేడి కాదు, చల్లదనం. దానికన్నా ముందు నూనె.

సీటు, చక్రాలు తీసేసి ఫ్రేముని తలకిందులు చేయండి. నీళ్ల సీసా తగిలించే స్టాండు కోసం ఫ్రేము పైపులకి చిన్న బోల్టులు ఉంటాయి చూడండి. సీటు వైపు పైపుకి కూడా ఉంటే వాటిని విప్పి, ఆ బెజ్జాల్లోంచి నూనె పోయండి. తలకిందులుగా ఉంది కాబట్టి నూనె లోపల్నుంచి దిగి సీటు పైపు చివర చుట్టూ నిలుస్తుంది. అందరూ నూనె పైనుంచే పోస్తారు, అక్కడ గట్టిగా పేరుకున్న పొడి నూనెని లోపలికి పోనివ్వదు. హార్డ్‌వేర్ షాపులో తుప్పు వదిలించే స్ప్రే దొరుకుతుంది. మేమైతే కిరసనాయిల్లో కాస్త ఇంజన్ ఆయిలు కలిపి వాడేవాళ్లం, ఇప్పుడు కిరసనాయిలు దొరకడమే గగనం. ఏదైనా సరే, పొద్దునా సాయంత్రం పోస్తూ నాలుగు రోజులు వదిలేయండి. నూనె ఆ తెల్లపొడిని కరిగించదు, సందుల్లోకి పాకి జారుడు మాత్రం ఇస్తుంది. ఈ నాలుగు రోజులూ చేయి దురద పెడుతుంది, ఒక్కసారి కొట్టి చూద్దామనిపిస్తుంది. కొట్టకండి.

అయిదో రోజు ఫ్రేముని ఏదైనా లేతు వర్కుషాపుకి మోసుకెళ్లండి. అక్కడ బల్లకి బిగించిన పెద్ద వైసు, అంటే సామాను కదలకుండా నొక్కి పట్టే పట్టకారు, ఉంటుంది. సీటు పైపు తలని ఆ వైసులో బిగించి, ఫ్రేమునే తిప్పాలి. మీ మెకానిక్ చేసిన పొరపాటు ఇదే. సీటు పట్టుకుని తిప్పితే చేతికి దొరికేది జానెడు, అదీ సన్న కమ్మీల మీద. ఫ్రేము పట్టుకుంటే రెండు చేతులా బారెడు దొరుకుతుంది. తల నలుగుతుంది, ఆ పైపు ఇక మీకు పనికిరాదు. ఫ్రేము కావాలా పైపు కావాలా అని ఈ దశలోనే తేల్చుకోవాలి. పైపు కొత్తది కొనుక్కోవచ్చు, ఫ్రేము వంకరపోతే సైకిలే పోయినట్టు.

తిప్పే ముందు పైపు లోపల బోలుగా కనబడితే దాంట్లో ఐసుముక్కలు, గల్లుప్పు కలిపి కూరండి. అయిదు నిమిషాలయ్యాక ఫ్రేము మెడకి గుడ్డ చుట్టి దానిమీద కాగిన నీళ్లు పోయండి. లోపలిది ముడుచుకుంటుంది, బయటిది కాస్త వదులవుతుంది. ఆ తేడా వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు, కానీ పట్టు విడవడానికి ఒక్కోసారి అంతే చాలు. మెల్లగా అటూ ఇటూ తిప్పండి. కిర్రుమని చప్పుడు వినబడితే గెలిచినట్టే. అక్కడే ఆగి మళ్లీ నూనె పోసి మళ్లీ తిప్పండి. ఒకవైపే ఊపిరి బిగబట్టి తిప్పితే ఫ్రేము పల్చటి పైపు మెలితిరిగే ప్రమాదం ఉంది. తిప్పుతూ లాగాలి గాని ఉత్తినే లాగకూడదు.

అప్పటికీ రాకపోతే రంపమే. ఇది విసుగు పని. సీటు పైపుని ఫ్రేము పైన అంగుళం వదిలి కోసేయండి. అప్పుడు లోపలి బోలు కనబడుతుంది. హాక్సా బ్లేడుని విడిగా తీసుకుని, పట్టుకునే వైపు గుడ్డ చుట్టి, బోల్లోకి దింపి నిలువుగా గాటు పెట్టుకుంటూ పోవాలి. పైపు గోడ రెండు మూడు మిల్లీమీటర్ల మందం. ఒక గాటు అయ్యాక దాని పక్కనే, వేలెడు ఎడంలో ఇంకోటి. మధ్యలోని పట్టీని ఉలితో లేపి లోపలికి మడిస్తే మిగతా పైపు ముడుచుకుని వదులవుతుంది. రెండు మూడు గంటలు పట్టవచ్చు, నాకు ఒకసారి ఒక పూటంతా పట్టింది.

ఫ్రేముని కోసేస్తున్నామేమో అనే టెన్షన్ అందరికీ ఉంటుంది. మళ్లీ ఆ ఫ్రిజ్ బొమ్మే తీయండి. రాలిన రజనుకి నూనె లేకుండా తుడిచి అయస్కాంతం చూపించండి. అల్యూమినియం రజను తెల్లగా మెరుస్తూ ఉన్నచోటే ఉంటుంది. అయస్కాంతానికి ముళ్లు ముళ్లుగా అతుక్కుంటే బ్లేడు ఫ్రేముని తాకిందన్నమాట, అక్కడితో ఆపండి. తెగిన బ్లేడు ముక్కలు కూడా అతుక్కుంటాయి, అవి చూసి కంగారు పడకండి.

కాస్టిక్ సోడా పోస్తే అల్యూమినియం మొత్తం కరిగిపోతుంది, ఇనుముకి ఏమీ కాదు అని ఎవరైనా చెబుతారు. అబద్ధం కాదు. కానీ అది కరిగేటప్పుడు సలసలా కాగుతుంది, నిప్పంటుకునే హైడ్రోజన్ వస్తుంది, ఒక్క చుక్క చిందితే కన్ను పోతుంది. ఫ్రేము కూడా అల్యూమినియమైతే దాన్నీ తినేస్తుంది. మనవలు తిరిగే ఇంట్లో అది చేయమని నేను ఎవరికీ చెప్పను.

పైపు ఊడి వచ్చాక ఒక పని. పాత పైపు కింది కొసన దాని కొలత గుద్ది ఉంటుంది, 27.2 అనో 25.4 అనో. ఈ పైపుల సైజులు 0.2 మిల్లీమీటర్ల తేడాతో ఉంటాయి. కంటికి ఒకేలా కనబడినా ఒక సైజు చిన్నది కొంటే ఎంత బిగించినా సీటు జారుతుంది. ముక్కని జేబులో వేసుకునే షాపుకి వెళ్లండి. ఫ్రేము లోపల గుడ్డతో తుడిచి, కొత్త పైపుకి గ్రీజు పూసి దింపండి. వానలకి ముందొకసారి, దీపావళి అయ్యాక ఒకసారి తీసి తుడిచి మళ్లీ గ్రీజు రాయండి. పైపు మీద ఇంతకన్నా పైకి లాగొద్దని గీత ఉంటుంది, అది బయటికి కనబడకుండా దింపండి.

అయస్కాంతం రెండింటికీ పట్టుకుంటే మాత్రం, అంటే ఇనుములో ఇనుమైతే, మంట పనిచేస్తుంది. బయటి పైపుని మాత్రమే గబగబా వేడి చేసి తిప్పాలి. రంగు మాడడం ఖాయం.

ప్రశ్న: మాది జనగామ. మా నాయన తొక్కిన పాత పెద్ద సైకిలును బాగు చేయిస్తున్నాను. కుడి పెడలు తొక్కినప్పుడల్లా టక్కుమని ఆడుతోంది. పెడలు రాడ్డుని ఇరుసుకి బిగించి ఉంచే కాటరు పిన్ను మార్చాలన్నారు. నట్టు తీసి సుత్తితో కొడితే పిన్ను కొస పుట్టగొడుగులాగ విచ్చుకుంది గాని బయటికి రాలేదు. ఏం చేయాలి?

జవాబు: చిన్న దెబ్బలు చాలా కొట్టారు, అవునా? కాటరు పిన్నుకి ఒక పక్క వాలుగా చదును ఉంటుంది. ఇరుసు మీది గాట్లో అది చీలలాగ కూర్చుంటుంది. నట్టు పట్టుకుని ఉంచడానికే. పది చిన్న దెబ్బలకి కొస విచ్చుకుంటుంది, మీకు జరిగింది అదే. కిలో సుత్తితో ఒక్క నిండు దెబ్బ కొట్టాలి, అదీ నట్టు పూర్తిగా తీయకుండా పిన్ను కొసతో సమానంగా ఉంచి.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. పెడలు రాడ్డు కింద ఏ ఆధారమూ లేకుండా కొడితే ఆ దెబ్బంతా ఇరుసు గోళీల మీద పడి కప్పుల్లో గుంటలు పడతాయి. పిన్ను బాగు చేయబోతే బేరింగ్ పోతుంది. నేలకీ రాడ్డుకీ మధ్య ఒక ఇనుప గొట్టం ముక్క నిలబెట్టండి, పిన్ను తల ఆ గొట్టం బోల్లోకి దిగేలా.

మీ పిన్ను ఇప్పటికే విచ్చుకుంది కాబట్టి రాడ్డుతో సమానంగా కోసేసి, నడిమధ్యన పంచితో గుర్తు కొట్టి, 5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో అంగుళంలో సగం లోతుకి బెజ్జం వేయించండి. నడుమ ఖాళీ అయితే పిన్ను పట్టు తప్పుతుంది, అప్పుడు పంచి పెట్టి ఒక్క దెబ్బ. కొత్త పిన్ను మన పెద్ద సైకిళ్లకి మామూలుగా 9.5 మిల్లీమీటర్లు, కొన్నిటికి 9 వస్తుంది. పాతది చేత్తో పట్టుకెళ్లండి. ఎడమ పిన్నూ కుడి పిన్నూ ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, ఒకే వైపు దింపితే పెడళ్లు రెండూ వరసలో ఉండవు. సుత్తితో లోపలికి దించాకే నట్టు బిగించండి. పది కిలోమీటర్లు తొక్కాక మళ్లీ ఒకసారి బిగించాలి.

ప్రశ్న: మియాపూర్ నుంచి రాస్తున్నాను. ఎడమ పెడలు విప్పుదామంటే ఎంత తిప్పినా ఇంకా బిగుసుకుంటోంది. పానా జారి వేళ్లు చీరుకుపోయాయి.

జవాబు: మీరు బిగిస్తున్నారండి, అందుకే బిగుసుకుంటోంది. ఎడమ పెడలుకి మరలు తిరగేసి ఉంటాయి, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. తొక్కేటప్పుడు దానంతటది వదులైపోకుండా అలా పెట్టారు. రాత్రంతా నూనెలో నాననిచ్చి, 15 మిల్లీమీటర్ల పానాతో విప్పండి. కుడి పెడలు విప్పేటప్పుడు ముందు చైను పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కించి ఉంచండి, ఈసారి పానా జారినా వేళ్లు పళ్లకి తగలవు.