పిచింగ్ పోటీలో అసలు పరీక్ష ప్రశ్నల సమయమే

కొత్తగా స్టార్టప్ పెట్టినవాళ్లు పిచింగ్ పోటీల్లో, అంటే తమ వ్యాపార ఆలోచనను కొద్ది నిమిషాల్లో జడ్జీల ముందు వివరించే పోటీల్లో, పాల్గొంటే ఏమైనా ప్రయోజనం ఉంటుందా, లేక ఆ సమయాన్ని ఉత్పత్తి మీద, కస్టమర్ల మీద పెట్టుకోవడం మేలా అని అడిగారు. ప్రయోజనం తప్పకుండా ఉంటుంది. అయితే అది వేదిక మీద మాట్లాడే ఆ కొద్ది నిమిషాల్లో దొరికేది కాదనీ, తరువాత జడ్జీలు అడిగే ప్రశ్నల దగ్గరే దొరుకుతుందనీ మా బృందం అనుభవంతో గట్టిగా చెప్పగలను.

మేము నలుగురం. ఆస్పత్రుల్లో మందులు, సెలైన్ కొలత ప్రకారం ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులు, వీల్‌చైర్లు, మానిటర్ల వంటి పరికరాలు ఏ సమయానికి ఏ వార్డులో ఉన్నాయో తెర మీద చూపించే ట్యాగులనూ, వాటికి కావలసిన సాఫ్ట్‌వేర్‌నూ తయారు చేస్తున్నాం. మాలో ఇద్దరు ఇంజనీర్లు, ఒకరు చాలాకాలం వార్డులో నర్సుగా పనిచేసి వచ్చిన ఆవిడ. అమ్మకాలు, లెక్కలు నేను చూసుకుంటాను. మేము చేరిన కార్యక్రమంలో మొదట కొన్ని వారాల మెంటరింగ్, ఆ తరువాత వడపోత, చివరికి ఫైనల్. ఫైనల్లో పిచ్‌కు 5 నిమిషాలు, ప్రశ్నలకు 10 నిమిషాలు ఇచ్చారు.

మెంటరింగ్ జరిగే తీరు మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. ఒక మెంటర్ మార్కెట్ పరిమాణంతో మొదలుపెట్టమంటారు. మరుసటి వారం వచ్చిన మెంటర్ ఆ స్లైడును ఎవరూ చూడరని, రోగి కథతో మొదలుపెట్టమంటారు. మూడో ఆయన బృందం పరిచయమే ముందుండాలంటారు. ఎవరి మాట కాదంటే ఎవరు నొచ్చుకుంటారోనన్న బెరుకుతో జట్లన్నీ రాత్రికి రాత్రి డెక్ (పిచ్‌లో చూపే స్లైడ్ల వరుస) తిరగరాస్తూ కూర్చుంటాయి, ఉత్పత్తి పని మూలన పడుతుంది. ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు మెంటర్లు ఒకే లోపాన్ని చూపినప్పుడే స్లైడు మార్చాలని మా ఇంజనీరు పెట్టిన నియమం మమ్మల్ని కాపాడింది. పెట్టుబడిదారు, రచయిత గై కవాసకీ చెప్పిన 10-20-30 సూత్రం, అంటే 10 స్లైడ్లు, 20 నిమిషాలు, 30 పాయింట్లకు తగ్గని అక్షరాలు, ప్రతి మెంటర్ నోటా వినిపిస్తుంది. 5 నిమిషాల పోటీలో అందులో నేరుగా పనికివచ్చేది అక్షరాల పరిమాణం ఒక్కటే. అలాగే, "ఇంత పెద్ద మార్కెట్లో 1 శాతం దక్కినా చాలు" అనే వాక్యాన్ని దయచేసి ఎక్కడా వాడకండి. పడకలెన్ని, ఒక్కో వార్డుకు పంపులెన్ని, ఒక్కో ట్యాగుకు నెలసరి రుసుము ఎంత అని కింది నుంచి కట్టుకుంటూ వచ్చిన లెక్క చూడటానికి చిన్నదే అయినా, దాన్ని ఎవరూ అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు.

ఇక ఫైనల్ విషయానికి వస్తాను. పిచ్ సమయానికి ముగిసింది, డెమో కూడా సరిగ్గానే పనిచేసింది. ఆస్పత్రుల కొనుగోళ్ల విభాగంలో పనిచేసిన అనుభవం ఉన్న ఒక జడ్జి మైకు దగ్గరకు తీసుకుని, "నర్సుకు సమయం ఆదా అవుతుందన్నారు, సంతోషం. నర్సుకు సమయం మిగిలితే ఆస్పత్రి ఖాతాలో డబ్బు ఎక్కడ మిగులుతుంది? మీ బిల్లు మీద సంతకం పెట్టేది ఎవరు?" అని అడిగారు. వాడేవాళ్లు ఒకరు, డబ్బు చెల్లించేవాళ్లు మరొకరు అయిన ప్రతి వ్యాపారానికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబు చెప్పడానికి మా నర్సు ముందుకు వచ్చారు. రాత్రి షిఫ్టులో పంపు దొరకదేమోనన్న భయంతో ప్రతి వార్డులోనూ ఒకటో రెండో పంపులను దుప్పట్ల బీరువాలో, మడతల వెనక దాచి ఉంచుతారని, తానూ అలా దాచేదాన్నని ఆవిడ చెప్పారు. దాచిన పంపు లెక్కల్లో ఉంటుంది, చేతికి అందదు. అందుకే పంపులు చాలడం లేదని వార్డులు రాసి పంపుతాయి, కొత్తవి కొంటారు లేదా అద్దెకు తెస్తారు. ఇక వైద్య పరికరాల బాగోగులు చూసే బయోమెడికల్ విభాగానికి గడువు ప్రకారం తనిఖీ చేయవలసిన పంపు కంటికే కనిపించదు. "కాబట్టి సంతకం పెట్టేది బయోమెడికల్ విభాగాధిపతి. మా బిల్లుకు డబ్బు వచ్చేది ఆయన కొత్త పంపులకూ, అద్దెలకూ పెట్టే ఖర్చులోంచి" అని ముగించారు. ఆ జడ్జి తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఎన్ని పంపుల కొనుగోలు తగ్గుతుందని అడిగితే, ఆ అంకె పైలట్ (ఒక ఆస్పత్రిలో చిన్న స్థాయి ప్రయోగం) చేస్తేనే తేలుతుందని ఆవిడ నిర్మొహమాటంగా చెప్పారు. ఆ వెంటనే మా ఇంజనీరు పైలట్‌లో ఏం కొలుస్తామో చూపించే అదనపు స్లైడు తెరిచారు.

ఆ జవాబు అప్పటికప్పుడు తట్టినది కాదు. రిహార్సల్స్‌లో ఎవరు ఏ ప్రశ్న అడిగినా దాన్ని ఒక షీటులో రాసుకుని, ఒక్కో ప్రశ్నకు ఒక్కో మనిషిని కేటాయించుకున్నాం. మొదటి వాక్యంలోనే జవాబు రావాలి, వివరణ తరువాత, మొత్తం అర నిమిషంలో ముగియాలి. డెక్‌లో కనిపించే స్లైడ్ల కంటే వెనక దాచుకున్న అదనపు స్లైడ్లే మా దగ్గర ఎక్కువ. దానికంటే ముందు వార్డుల్లో, స్టోర్లలో, బయోమెడికల్ గదుల్లో ఎంతోమందితో మాట్లాడి వచ్చాం. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ పరిశోధకులను వ్యాపారం వైపు నడిపించడానికి 2011లో ప్రారంభించిన ఐ-కార్ప్స్ కార్యక్రమంలో ఒక్కో బృందం 7 వారాల్లో 100 మంది కస్టమర్లతో, వ్యాపారంతో సంబంధం ఉన్నవాళ్లతో మాట్లాడాలన్న షరతు ఉంది. పిచింగ్ కార్యక్రమాలన్నీ డెక్ జోలికి పోకముందే అలాంటి షరతు పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

మాకు మొదటి బహుమతి రాలేదు, రెండో స్థానం వచ్చింది. కానీ ఆ జడ్జే తరువాత ఒక ఆస్పత్రి బయోమెడికల్ విభాగాధిపతికి మమ్మల్ని పరిచయం చేశారు, మా మొదటి పైలట్ అక్కడే మొదలైంది. బహుమతి రాలేదని బెంగపడేవాళ్లు కొంచెం చరిత్ర చూడాలి. వెబ్‌సైట్లను వేగంగా అందించే సంస్థ అకమాయ్ 1998లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వ్యాపార ప్రణాళికల పోటీలో ఫైనల్‌కు వచ్చింది గాని గెలవలేదు, మరుసటి ఏడాదే స్టాక్ మార్కెట్లో లిస్టయింది. 2008లో టెక్‌క్రంచ్50 అనే స్టార్టప్‌ల పోటీలో గెలిచింది ఉద్యోగులు తమలో తాము మాట్లాడుకునే వేదిక యామర్; అదే వేదిక మీద జనం ముందుకు వచ్చిన, ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచుకునే సేవ డ్రాప్‌బాక్స్‌కు బహుమతి దక్కలేదు, 2018లో అది కూడా లిస్టయింది.

నిర్వాహకుల మీద నా ఫిర్యాదు ఒకటుంది. వారాల తరబడి జట్ల సమయం తీసుకుని, చివరికి జడ్జీలు వేసిన మార్కులను, రాసిన వ్యాఖ్యలను చేతికి ఇవ్వకపోవడం అన్యాయం. ఎందులో తగ్గామో తెలియకుండా ఇంటికి పంపితే, ఓడిన జట్టు ఆ కార్యక్రమం నుంచి నేర్చుకునేది ఏముంటుంది?

మీరు దరఖాస్తు చేసే ముందు మార్కుల పత్రం తిరిగి ఇస్తారా, జడ్జీల్లో మీ రంగంలో కొనుగోళ్లు చేసినవాళ్లు ఉన్నారా అని అడగండి. బహుమతికి బదులుగా ఈక్విటీ (కంపెనీలో వాటా) అడుగుతున్నారేమో, మీ సాంకేతికత మీద హక్కులేమైనా రాయించుకుంటున్నారేమో షరతుల్లో చదవండి. పిచ్‌కు ఇచ్చే సమయం కంటే ప్రశ్నలకు ఇచ్చే సమయం తక్కువైతే ఆ పోటీని వదిలేసి, ఆ వారాలను కస్టమర్ల దగ్గర గడపండి.