30 ఏళ్ల రూఫ్‌కి 14 ఏళ్లకే కాలం చెల్లిందా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో 2019లో ఇల్లు కొన్నాం. ఇల్లు కట్టి ఇప్పటికి 14 ఏళ్లయింది, ఆస్ఫాల్ట్ షింగిల్స్ (తారు పలకల) రూఫ్ కూడా అప్పటిదే. కొన్నప్పుడు "30 ఏళ్ల షింగిల్స్, మీకేం ఢోకా లేదు" అన్నారు. పోయిన మే నెలలో వడగళ్లు పడి డ్రైవ్‌వేలో ఉన్న కారుకి సొట్టలు పడ్డాయి. రూఫ్‌ని కింద నుంచి చూస్తే ఏమీ కనిపించలేదు, లీకేజీ కూడా లేదు. ఇప్పుడు ఇన్సూరెన్స్ రెన్యువల్ కాగితం వచ్చింది. ఏప్రిల్ నుంచి రూఫ్‌కి ఏసీవీ (తరుగు తీసేసిన విలువ) మాత్రమే ఇస్తారట. గాలి, వడగళ్ల డిడక్టిబుల్ (నష్టంలో ముందు మేం పెట్టుకోవాల్సిన వాటా) ఇంటి కవరేజీలో 1 శాతం నుంచి 2 శాతం చేశారు. ఇంటి కవరేజీ 4.5 లక్షల డాలర్లు. కొత్త రూఫ్‌కి 18,000 డాలర్లు అడుగుతున్నారు, క్లాస్ 4 అనే గట్టి రకమైతే 22,300. మా సేవింగ్స్ 32,000, నెల ఖర్చు 6,500. ఇద్దరం హెచ్1బీ మీదే ఉన్నాం. షాద్‌నగర్ దగ్గర ప్లాట్ లోన్‌కి ఈఎంఐ కాక నెలకి ఇంకో 900 డాలర్లు అదనంగా కడుతున్నాం. మొన్న ఒకాయన తలుపు కొట్టి, "మీ డిడక్టిబుల్ మేం చూసుకుంటాం, ఇక్కడ సంతకం పెట్టండి" అని ట్యాబ్ చూపించాడు. పెట్టలేదు. రూఫ్ ఇప్పుడే మార్చాలా, ఆగాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: సంతకం పెట్టకపోవడం చాలా మంచి పని. ఆయన సంగతి చివర్లో చెప్తాను. అంతకంటే ముందు ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. రూఫ్‌లు అమ్మని ఒక లైసెన్స్ ఉన్న హోమ్ ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి, పైకి ఎక్కించి, ఫొటోలతో రిపోర్టు రాయించుకోండి. కొన్ని వందల డాలర్లు అవుతుంది. మీ ఉత్తరంలో ఉన్న అంకెలన్నిటికంటే ఆ రిపోర్టే మీకు విలువైనది.

ఎందుకంటే, ఇన్సూరెన్స్‌లో నష్టం జరిగిన రోజున ఏ పాలసీ నడుస్తోందో దాని షరతులే వర్తిస్తాయి. మీ కారుకి సొట్టలు పడ్డది మే నెలలో. అప్పుడు మీది పాత పాలసీ, అంటే పూర్తి రీప్లేస్‌మెంట్ కాస్ట్ (తరుగు తీయకుండా కొత్తది వేయడానికయ్యే ఖర్చు), 1 శాతం డిడక్టిబుల్. డ్రైవ్‌వేలో కారుని కొట్టిన వడగళ్లు దాని పక్కనే ఉన్న రూఫ్‌ని వదిలేసి ఉండవు కదా. నిజంగా దెబ్బ తగిలి ఉంటే, లెక్క ఇలా ఉంటుంది. 18,000లో మీ డిడక్టిబుల్ 4,500 పోగా 13,500 డాలర్లు కంపెనీ ఇవ్వాలి.

అదే దెబ్బ వచ్చే మే నెలలో తగిలిందనుకోండి. ఏసీవీ అంటే తరుగుదల తీసేసి మిగిలిన విలువ. 20 ఏళ్ల ఆయుష్షులో 14 ఏళ్లు అయిపోయాయని కంపెనీ లెక్కేస్తే 70 శాతం తరుగు, అంటే 12,600 పోయి మిగిలేది 5,400. మీ కొత్త డిడక్టిబుల్ 2 శాతం, అంటే 9,000. 5,400లో 9,000 ఎలా తీసేస్తారు? తీసేయడానికి ఏమీ లేదు, కాబట్టి మీ చేతికి వచ్చేది సున్నా. ప్రీమియం మాత్రం కడుతూనే ఉంటారు. ఇది మీ ఒక్కరి సమస్య కాదు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది "మాకు ఇన్సూరెన్స్ ఉంది" అని నిశ్చింతగా ఉన్నారు, కానీ రూఫ్ వరకు వాళ్లకి ఇన్సూరెన్స్ లేనట్టే.

గడువు కూడా చూసుకోండి. టెక్సాస్‌లో చాలా పాలసీలు గాలి, వడగళ్ల క్లెయిమ్‌ని ఏడాది లోపే వేయాలంటాయి. నేను ఈ విషయంలో దెబ్బతిన్నవాణ్ని. మా మొదటి ఇంటి మీద వడగళ్లు పడ్డాక "లీకేజీ లేదు కదా" అని ఊరుకున్నాను. పై గదిలో సీలింగ్ మీద టీ మరకలాంటి మచ్చ కనిపించేసరికి పదమూడో నెల. క్లెయిమ్ తీసుకోలేదు, మొత్తం నా జేబులోంచే పెట్టుకున్నాను. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను. మీకు మే దాకా టైముంది, కానీ అప్పటిదాకా ఆగకండి. మార్చి మధ్య నుంచి జూన్ దాకా ఇక్కడ వడగళ్ల సీజన్. ఏప్రిల్‌లో ఇంకో వాన పడిందంటే, ఏ దెబ్బ ఎప్పటిదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

"కింద నుంచి చూస్తే ఏమీ కనిపించలేదు" అన్నారు. కనిపించదండీ. షింగిల్ అంటే ఫైబర్‌గ్లాస్ చాప మీద తారు పూత, ఆ పూత మీద రంగు రాతి రవ్వ. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి తారుని కాపాడేది ఆ రవ్వే. వడగల్లు పడ్డచోట షింగిల్‌కి పెద్ద కన్నం పడనక్కర్లేదు. రవ్వ రాలిపోయి, లోపలి చాప చిట్లి, పైకి నల్లటి మచ్చలా మాత్రమే ఉంటుంది. ఆ మచ్చ మీద బొటనవేలితో నొక్కితే దెబ్బ తగిలిన జామకాయలా మెత్తగా లోపలికి పోతుంది. మా ఇంటికి వచ్చిన అడ్జస్టర్ (నష్టం అంచనా వేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే మనిషి) పది అడుగులకి పది అడుగుల గడి ఒకటి కొలిచి, అందులో ఉన్న ప్రతి దెబ్బ చుట్టూ చాక్‌పీస్‌తో సున్నా చుట్టి లెక్కపెట్టాడు. మీ ఇన్‌స్పెక్టర్‌ని కూడా నాలుగు వైపులా అలాగే ఫొటోలు తీయమనండి. మీరు చేయగలిగింది ఒకటుంది. గట్టర్ గొట్టం నీళ్లు వదిలే చోట నేల మీద చూడండి. నల్లటి బొంబాయి రవ్వలాంటిది కుప్పగా కనిపిస్తే, అది మీ రూఫ్ ఆయుష్షు.

ఇక ఆ "30 ఏళ్లు" సంగతి. డాబా ఇళ్లలో పెరిగిన మనకి ఇంటి పైకప్పు 15 ఏళ్లకోసారి మార్చాల్సిన వస్తువంటే నమ్మబుద్ధి కాదు. పెంకుటింట్లో పెరిగినవాళ్లకి ఇది కొత్త కాదు. వానాకాలం ముందు పెంకులు సర్దించడం, పగిలినవి మార్చడం ఏటా ఉండే ఖర్చే. షింగిల్స్ కూడా ఆ జాతివే. 30 ఏళ్లు అన్నది ఆ రకం షింగిల్‌కి పెట్టిన పేరు లాంటిది, మీ ఊరి ఆకాశం ఇచ్చిన హామీ కాదు. పైగా తయారీదారు వారంటీ సాధారణంగా వడగళ్ల నష్టానికి వర్తించదు, ఇల్లు చేతులు మారితే ఇంకా తగ్గిపోతుంది. మీరు రెండో ఓనర్లు కాబట్టి ఆ కాగితం మీద ఆశ పెట్టుకోకండి.

నార్త్ టెక్సాస్‌లో షింగిల్‌కి రెండు రకాల శత్రువులు. ఎండాకాలం మధ్యాహ్నం రూఫ్ మీద వేడి 150 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది. సాయంత్రం ఒక్కసారిగా వాన పడితే చల్లబడుతుంది. అలా రోజూ సాగి, ముడుచుకుని తారులో జిగి పోతుంది, అంచులు పైకి లేస్తాయి. ముందు పాడయ్యేది పడమటి ఎండ తగిలే వైపే. అటక గాలి ఆడకపోతే కింద నుంచి కూడా ఉడికిపోతుంది. చూరు కింద గాలి ఆడటానికి ఉండే సాఫిట్ వెంట్లకి ఇన్సులేషన్ అడ్డం పడిందేమో కూడా ఇన్‌స్పెక్టర్‌ని చూడమనండి, అది తక్కువ ఖర్చుతో అయిపోయే రిపేరు. రెండో శత్రువు వడగళ్లు. 1995 మే 5న ఫోర్ట్‌వర్త్‌లో, 2016 ఏప్రిల్‌లో మీకు దగ్గర్లోని వైలీలో సాఫ్ట్‌బాల్ అంత వడగళ్లు పడ్డాయి. అలాంటి రోజున కొత్త రూఫ్ అయినా పాత రూఫ్ అయినా ఒకటే. ఇవన్నీ చూసే, ఇక్కడ మంచి రకం షింగిల్స్‌కి కూడా 15 నుంచి 20 ఏళ్లే లెక్కేసుకోమని నా క్లయింట్లకి చెప్తాను. 14 ఏళ్లు ఒకే రూఫ్ నిలబడిందంటే మీరు అదృష్టవంతులే.

(మీ బంధువులు మినియాపొలిస్‌లోనో టాంపాలోనో ఉంటే వాళ్ల లెక్క వేరు. చలి ప్రాంతాల్లో అటక వేడికి మంచు కరిగి, చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి, వెనక నిలిచిన నీళ్లు షింగిల్స్ కిందికి పాకుతాయి. ఫ్లోరిడాలో అయితే 2022లో వచ్చిన చట్టం ప్రకారం రూఫ్ వయసు 15 ఏళ్ల లోపు ఉంటే, వయసు ఒక్కటే కారణంగా చూపి పాలసీ నిరాకరించకూడదు.)

ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి తేవాలో చూద్దాం.

రిపోర్టులో మే నాటి దెబ్బలు నిజంగా ఉన్నాయని తేలితే క్లెయిమ్ వేయండి. ఫొటోలు, కారు రిపేరు బిల్లు, ఆ తేదీ అన్నీ జత చేయండి. మీ ఖర్చు 4,500. క్లాస్ 4 వేయించుకోవాలంటే తేడా 4,300 మీరే పెట్టుకోవాలి, మొత్తం 8,800. దెబ్బలు లేకపోతే, లేదా రిపేరు ఖర్చు డిడక్టిబుల్ కంటే తక్కువైతే, క్లెయిమ్ వేయకండి. డబ్బు రాకపోయినా ఆ క్లెయిమ్ రికార్డులో ఏడేళ్ల వరకు ఉండిపోవచ్చు.

క్లెయిమ్ లేకపోతే? అప్పుడు నా సలహా ఆగమనే. తొందరపడి మార్చిలో మార్పిస్తే కొత్త రూఫ్‌ని సరిగ్గా వడగళ్ల కింద పెట్టినట్టవుతుంది. పాత రూఫ్ ఉండగా వడగళ్లు పడితే ఏసీవీ కింద మీకెలాగూ ఏమీ రాదు, మీరు పెట్టేది అదే 18,000. పడకపోతే అక్టోబర్‌లో పెట్టేదీ అదే 18,000. అంటే ఆగడం వల్ల రూఫ్ డబ్బులో నష్టం లేదు. ఉన్న రిస్కల్లా నీళ్లు లోపలికి రావడమే, కాబట్టి పెద్ద వాన పడ్డ ప్రతిసారీ టార్చ్ పట్టుకుని అటకలోకి వెళ్లి చూడండి. తడి కనిపిస్తే మాత్రం అక్టోబర్ దాకా ఆగకుండా వెంటనే బాగు చేయించండి. సీజన్ దాటాక రూఫర్లకి కూడా హడావుడి తగ్గుతుంది, పని శ్రద్ధగా జరుగుతుంది.

ఈ ఏడు నెలలు ప్లాట్‌కి కడుతున్న అదనపు 900 ఆపేయండి. ఈఎంఐ మాత్రం కట్టండి. నాకు తెలుసు, ఊళ్లో అప్పు తొందరగా తీర్చేయాలని మనసు లాగుతుంది. కానీ నెత్తి మీద కప్పు కంటే షాద్‌నగర్ ప్లాట్ ముఖ్యం కాదు. ఏడు నెలలకి 6,300 అవుతుంది. సేవింగ్స్‌లోంచి 6,000కి మించి ముట్టుకోవద్దు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోవడానికో దేశం వదలడానికో 60 రోజులే గడువు. ఇద్దరూ అదే వీసా మీద ఉన్నప్పుడు ఆ 32,000 రూఫ్ కోసం దాచిన డబ్బు కాదు, మీ ఊపిరి. 6,000 తీసినా నాలుగు నెలల ఖర్చుకి సరిపడా మిగులుతుంది, అంతకంటే కిందికి వెళ్లకండి.

22,300 రకమే తీసుకుంటే ఇంకా సుమారు 10,000 కావాలి. దానికి హెలాక్ వాడండి, అంటే ఇంటి మీద తీసుకునే క్రెడిట్ లైన్. ఉద్యోగాలు ఉన్నప్పుడే ఇప్పుడే అప్లై చేసి ఉంచుకోండి, అవసరం వచ్చాక ఇవ్వరు. టెక్సాస్‌లో ఇంటి మీదున్న అప్పులన్నీ కలిపి విలువలో 80 శాతం దాటకూడదు, ఒక్కోసారి తీసేది కనీసం 4,000 ఉండాలి. అదే 900తో కడితే ఏడాదికి కాస్త అటూ ఇటూగా తీరిపోతుంది. 401కే (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) నుంచి మాత్రం అప్పు తీసుకోవద్దు. ఉద్యోగం పోతే ఆ ఏడాది టాక్స్ ఫైలింగ్ గడువులోగా కట్టేయాలి, లేకపోతే టాక్స్ పడుతుంది, వయసు తక్కువైతే పెనాల్టీ కూడా. కొత్త రూఫ్ బిల్లులు దాచుకోండి, ఇల్లు అమ్మినప్పుడు ఆ ఖర్చు మీ కొనుగోలు ధరకి కలుస్తుంది.

క్లాస్ 4కి ఆ 4,300 పెట్టాలా అంటే, ఏజెంట్ ఇచ్చే జవాబుని బట్టి. ఈ రేటింగ్ పరీక్షలో రెండు అంగుళాల ఉక్కు గుండుని 20 అడుగుల ఎత్తు నుంచి ఒకేచోట రెండుసార్లు వదులుతారు, షింగిల్ చిట్లకూడదు. అయితే అది కొత్త షింగిల్ మీద చేసిన పరీక్ష. వడగల్లు ఇంకా పెద్దదైతే క్లాస్ 4 కూడా పోతుంది. ప్రీమియం ఏడాదికి 600 తగ్గిందనుకుంటే ఏడేళ్లకి పైగా పడుతుంది గిట్టుబాటు కావడానికి. ఆ ఇంట్లో అంతకాలం ఉండే ఉద్దేశం ఉంటే నేనైతే తీసుకుంటాను. ఏజెంట్‌ని మూడు అడగండి, జవాబు ఈమెయిల్లో ఇమ్మనండి: కొత్త రూఫ్ వేస్తే మళ్లీ రీప్లేస్‌మెంట్ కాస్ట్ ఇస్తారా? క్లాస్ 4కి డాలర్లలో ఎంత తగ్గుతుంది? ఆ డిస్కౌంట్ కోసం సొట్టల్లాంటి "అందం నష్టాలు" కవర్ కావని సంతకం పెట్టాలా? మొదటి ప్రశ్నకి కాదంటే ఏప్రిల్ లోపే వేరే కంపెనీల కొటేషన్లు తీసుకోండి.

ఇక తలుపు కొట్టిన ఆయన. టెక్సాస్‌లో రూఫర్లకి రాష్ట్ర లైసెన్సే లేదు, ఎవరైనా నిచ్చెన కొనుక్కుని వచ్చేయొచ్చు. డిడక్టిబుల్ మేం చూసుకుంటాం అనడం 2019 సెప్టెంబర్ నుంచి ఇక్కడ చట్టరీత్యా నేరం. ఆ 4,500ని ఆయన తన జేబులోంచి పెట్టడు. నాసిరకం సామాను వేసో, బిల్లు పెంచి చూపించో రాబట్టుకుంటాడు, ఆ బిల్లు మీద ఉండేది మీ పేరు. చివరి చెక్కు ఇచ్చే ముందు, డిడక్టిబుల్ మీరే కట్టినట్టు రుజువు చూపించమని కంపెనీ అడగొచ్చు. వీసా మీద ఉన్న మీరు అలాంటి కాగితం మీద వేలు పెట్టనే కూడదు. ట్యాబ్‌లో చూపించేవి చాలావరకు "క్లెయిమ్ వస్తే పని మాకే ఇవ్వాలి" అనే ఒప్పందాలు. మీవారో మీ ఆవిడో ఆ రోజు ఇంకెక్కడైనా సంతకం పెట్టారేమో ఒకసారి అడిగి చూడండి. ఇంటికొచ్చి చేయించుకున్న ఒప్పందాన్ని మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు సాధారణంగా ఉంటుంది, రాతపూర్వకంగానే పంపండి.

ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, పాత పాలసీ మొదటి పేజీ, కొత్త రెన్యువల్ పేజీ ఈ మూడూ వచ్చాక మళ్లీ రాయండి. క్లెయిమ్ వేయాలో వద్దో అప్పుడు అంకెలతో కూర్చుని చూద్దాం.