ఆ అమ్మాయి తండ్రికి నేనేం చెప్పాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 54. గుంటూరు దగ్గర ఎరువుల షాపు నడుపుతున్నాను. మా అక్క కొడుక్కి 29 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏ సంబంధం చూపించినా వంక పెడుతుంటే మొన్న గట్టిగా అడిగాను. ఆడపిల్లల మీద తనకెప్పుడూ ఇష్టం కలగలేదని, మగవాళ్లంటేనే ఇష్టమని చెప్పాడు. అమ్మకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అయినా వాళ్లమ్మ ఏడుపు చూడలేక ఇప్పుడొచ్చిన సంబంధానికి సరే అన్నాడు. వచ్చే నెల తాంబూలాలు. అమ్మాయి తండ్రి నాకు పాత స్నేహితుడు, నా మాట మీదే ముందుకు వెళ్తున్నానంటున్నాడు. మావాడికి మీసం, గడ్డం, జిమ్ము అన్నీ ఉన్నాయి, నమ్మబుద్ధి కావడం లేదు. ఇది జబ్బా? పెళ్లయితే సర్దుకుంటుందా? మా అబ్బాయి వాడి ఫ్లాట్‌లోనే ఉండి చదువుకుంటున్నాడు, ఖాళీ చేయించాలా? ఒకప్పుడు అక్క మా అమ్మాయిని వాడికి అడిగింది. ఇవ్వకపోవడం మంచిదైందని ఊపిరి పీల్చుకున్నాను. నాలాంటి పాతకాలం మనిషికి ఇవన్నీ అర్థం కావు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి విషయంలో ఊపిరి పీల్చుకున్నానని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. మీ అమ్మాయికి తప్పిందని మీరు సంతోషించిన పెళ్లినే మీ స్నేహితుడి కూతురికి చేయబోతున్నారు, అదీ మీ మాట మీద. తాంబూలాల దాకా రానివ్వకూడదని మీ మనసుకు ముందే తెలుసనుకుంటాను.

జబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇదే మాట చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసే ఇద్దరు వయోజనుల మధ్య ఇది నేరం కాదని తీర్పు ఇచ్చింది. రేపు మీ అక్కకు తెలిసినా ఎవరో ఒకరు ఇంజెక్షన్లతో మారుస్తారనో, షాక్ ట్రీట్‌మెంట్ ఉందనో చెబుతారు. ఆ మాటలు నమ్మకండి. ఇలా మారుస్తామని వైద్యం చేసే డాక్టర్లది వృత్తిపరమైన తప్పు అవుతుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది.

మీసం, జిమ్ము దగ్గర మీరు రెండు విషయాలు కలిపేశారు. మగవాడిగా పుట్టినా తాను స్త్రీననే భావన ఉండటం ఒకటి. వాళ్లను ట్రాన్స్‌జెండర్ అంటున్నాం, వాళ్ల గుర్తింపును సుప్రీంకోర్టు 2014లో ఒప్పుకుంది. మీ మేనల్లుడిది అది కాదు. తాను మగవాడిననే అనుకుంటున్నాడు, ఇష్టం మాత్రం మగవాళ్ల మీద. నడకనో గొంతునో చూసి కనిపెట్టేది కాదు ఇది. మన సినిమాలు ఇన్నేళ్లుగా ఆడంగి వేషం వేసి నవ్వించాయి కాబట్టి మనకు అలా అలవాటైంది, అంతే.

అర్థం కాకపోవడం గురించి చిన్నబుచ్చుకోకండి. ప్రేమించుకున్న ఇద్దరు యువతులు తల్లిదండ్రుల నుంచి రక్షణ కోరుతూ మద్రాసు హైకోర్టుకు వెళ్లినప్పుడు, ఆ కేసు విన్న జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తనకు ఈ విషయాలు సరిగా తెలియవని బహిరంగంగానే ఒప్పుకున్నారు. సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నాకే 2021లో ఉత్తర్వులు ఇచ్చారు. జడ్జి గారికి లేని నామోషీ మనకెందుకు?

మీ అబ్బాయిని ఖాళీ చేయించొద్దు. ఆడవాళ్లంటే ఇష్టపడే మగవాడు ఇంట్లో ఉన్న ప్రతి ఆడపిల్లనూ ఆ దృష్టితో చూడడు కదా. ఇదీ అంతే. పైగా రహస్యం చెప్పుకున్న మరుసటి వారమే కొడుకును తీసుకుపోతే ఆ పిల్లాడికి ఏం అర్థమవుతుందో ఆలోచించండి. ఇంట్లో మీరొక్కరే తనను మనిషిగా చూస్తారని నమ్మి చెప్పాడు.

ఇక అసలు సంగతి. పెళ్లయితే సర్దుకోదు. ఇలా జరిగిన పెళ్లిళ్లలో నా దగ్గరకు వచ్చేది ఎక్కువగా భార్యలే. తన రంగు మీద, ఒళ్లు మీద, చివరకు తన పుట్టింటి పెంపకం మీద అనుమానపడుతూ ఏళ్లు గడిపి వస్తారు. పిల్లలు లేరని అత్తగారి చేతిలో మాట పడేదీ వాళ్లే. చట్టం వైపు నుంచి చూసినా, ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని తేలితే హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద పెళ్లి రద్దు చేయమని ఆమె కోర్టుకు వెళ్లవచ్చు. ఆ కోర్టు మెట్ల మీద రెండు కుటుంబాలూ నిలబడాలి. ఈ కథలో మీ మేనల్లుడు జాలిపడదగినవాడే, కానీ సరే అన్న క్షణం నుంచి అతని బాధ్యత కూడా ఉంది. ఆ మాట అతనితో మెత్తగా అయినా సూటిగా అనాల్సింది మీరే.

ఫోన్లో వద్దు, ఈ ఆదివారమే హైదరాబాద్ వెళ్లండి. సంబంధం వద్దని తనే వాళ్లమ్మకు చెప్పాలని అడగండి. కారణం ఇప్పుడే చెప్పక్కర్లేదు, నాకు పెళ్లి వద్దు అంటే చాలు. తాంబూలాలకు ముందు ఆగితే పదిరోజుల గోల. తర్వాత ఆగితే ఆ అమ్మాయి మీద ఊరంతా కథలు అల్లుతుంది. అతను చెప్పలేకపోతే మీరు చెప్పేస్తానని, కానీ తన రహస్యం మాత్రం బయటపెట్టనని ముందే తెలియజేయండి. ఒట్టు తప్పమని నేను అనడం లేదు. మగవాళ్లంటే ఇష్టమన్న సంగతి ఎవరికి, ఎప్పుడు చెప్పుకోవాలన్నది అతని ఇష్టం. అలాగని అబ్బాయి మంచివాడు, నాదీ పూచీ అని మీరు ఇంకొక్కసారి కూడా అనకూడదు.

స్నేహితుడికి, "ఈ సంబంధానికి నేను మధ్య ఉండలేను, నా మాట మీద అయితే ముందుకు వెళ్లొద్దు. కారణం అడగొద్దు" అని చెప్పండి. ఆయన రకరకాలుగా ఊహిస్తాడు. అప్పులున్నాయా, తాగుతాడా, ఇంకెవరైనా అమ్మాయి ఉందా అని గుచ్చిగుచ్చి అడుగుతాడు. లేని దుర్గుణాలు అంటగట్టకండి, అబద్ధపు జాతకదోషం కూడా వద్దు. కొన్నాళ్లు మీతో మాట్లాడకపోవచ్చు, భరించండి. ఆ అమ్మాయితో అతనే నిజం చెప్పి, అన్నీ తెలిసి ఆమె ఒప్పుకుంటే అది వాళ్లిద్దరి వ్యవహారం. అలా జరుగుతుందని మాత్రం నేను అనుకోను.

మీ అక్కకు అసలు విషయం ఇప్పుడే చెప్పే తొందర లేదు. అతను సిద్ధపడ్డ రోజు మీరు పక్కన కూర్చోండి. మేనమామ పక్కనుంటే బావగారి గొంతు కొంత తగ్గుతుంది. ఆ రాత్రి అతన్ని ఆ ఇంట్లో ఒంటరిగా వదలకండి, మీ ఇంటికి తీసుకెళ్లండి. ముసలితనంలో వాడిని ఎవరు చూస్తారని అక్క అడుగుతుంది. ఇది న్యాయమైన భయమే. మన దేశంలో ఇద్దరు మగవాళ్ల పెళ్లికి చట్టబద్ధత లేదని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది కాబట్టి ఆ ప్రశ్నకు నా దగ్గర తేలిక జవాబు లేదు. బీమా, వీలునామా, నామినీ పేర్లు ఇవన్నీ అతను మామూలు మనిషికన్నా ముందుగా సర్దుకోవాలి.

ఈలోగా అతను నిద్ర పట్టడం లేదన్నా, బతకాలని లేదన్నా తేలిగ్గా తీసుకోవద్దు. 14416కు ఫోన్ చేయించండి. అది కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ లైన్. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.