మతిమరుపే అనుకునే ముందు తలకి స్కాన్ తీయించండి

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఏడాదిగా కొంచెం మరుపు ఉంది. నెల కిందట బాత్‌రూమ్‌లో జారిపడ్డారు, పైకి దెబ్బేమీ కనిపించలేదు. మూడు వారాలుగా మరుపు బాగా ఎక్కువైంది, పగలు కూడా మత్తుగా పడుకుంటున్నారు. మొన్న రైతుబజారుకి వెళ్లి ఇంటి దారి మర్చిపోయారు. షుగర్ మాత్రలు, గుండెకి రక్తం పలచబడే మాత్ర, రాత్రి ఒక నిద్రమాత్ర వాడుతున్నారు. ఏఎన్ఎం ఇంటికొచ్చి బీపీ, షుగర్ చూస్తారు కదా, మతిమరుపు ఎందుకు చూడరు? డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వాళ్లకి ప్రభుత్వ కేంద్రాలు, సర్టిఫికెట్ లాంటివి ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటికి జవాబు చెబుతాను. ముందు నాన్నగారిని ఇవాళే సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. విశాఖ కేజీహెచ్ క్యాజువాలిటీకైనా సరే. నెల కిందట పడ్డారని, రక్తం పలచబడే మాత్ర వాడతారని, మూడు వారాలుగా మనిషి మారిపోయారని వెళ్లగానే చెప్పండి. దారిలో మత్తు పెరిగినా, వాంతులైనా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

వయసు మళ్లాక మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. పుర్రెకీ మెదడుకీ మధ్య ఖాళీ పెరిగి, అక్కడి సన్నని రక్తనాళాలు సాగి ఉంటాయి. చిన్న కుదుపుకే ఒకటి తెగి, రక్తం కొద్దికొద్దిగా చేరుతుంది. పైన బొప్పి కూడా కట్టదు. వారాలు గడిచాక మత్తు, మరుపు, తలనొప్పి, నడకలో తూలడం, ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పడం మొదలవుతాయి. సమయానికి పట్టుకుంటే చాలామంది చిన్న ఆపరేషన్‌తో కోలుకుంటారు. మనిషిని చూడకుండా నాన్నగారిది ఇదేనని నేను చెప్పలేను. కాకపోవచ్చు కూడా. కానీ డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్ మామూలుగా మూడు వారాల్లో ఇంత వేగంగా ముదరదు. రక్తం పలచబడే మాత్రని మీ అంతట మీరు ఆపకండి. తర్వాతి మాత్ర వేయాలో వద్దో ఆసుపత్రిలోనే అడగండి.

ఇక నిద్రమాత్ర. ఎవరు రాశారో, ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారో మీరు రాయలేదు. నా ఓపీలో ఇలాంటప్పుడు అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: ‘ఎప్పుడో రాశారండీ, అదే చీటీ చూపించి తెచ్చుకుంటున్నాం.’ ఆల్‌ప్రజోలామ్ లాంటి నిద్రమాత్రల్ని 2014 నుంచే హెచ్1 షెడ్యూల్లో పెట్టారు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ చూసి అమ్మినప్పుడు డాక్టర్ పేరు, రోగి పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. అయినా నాలుగేళ్ల కిందటి చీటీతో మాత్ర ఇంటికి వస్తూనే ఉంది. పెద్దవాళ్లలో ఈ మాత్రే మరుపు తెస్తుంది, ఈ మాత్రే రాత్రి బాత్‌రూమ్‌కి లేచినప్పుడు తూలేలా చేస్తుంది. నాన్నగారు పడింది కూడా అందుకేనేమో ఆలోచించండి. జలుబుకని కొనే మత్తు మాత్రలు, మూత్రం ఆగడం లేదని వేసే కొన్ని మాత్రలూ అంతే. అలాగని నిద్రమాత్రని ఒక్కసారిగా మానేయొద్దు, ఏళ్లుగా అలవాటైతే ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి.

స్కాన్‌లో ఏమీ లేకపోతే బి12, థైరాయిడ్, సోడియం, మూత్ర పరీక్ష చేయిస్తారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గుతుంది. షుగర్ మాత్ర ఎక్కువై షుగర్ పడిపోయినా మనిషి తికమకపడతారు. వినికిడి కూడా చూపించండి. ఇవన్నీ అయ్యాక జ్ఞాపకశక్తి పరీక్ష. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దీన్ని తెలుగులో కూడా తయారు చేయించింది, కాబట్టి ఇంగ్లిష్ రాదని ఆగొద్దు. ఏడాది కిందట మరుపు మొదలైనప్పుడే వయసు మీద పడిందిలే అనుకోకుండా తీసుకొచ్చి ఉంటే, అప్పటికీ ఇప్పటికీ తేడా ఎంతో మాకు తెలిసేది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదమ్మా, దాదాపు అందరూ అలాగే ఆగుతున్నారు.

ఏఎన్ఎం ఎందుకు చూడరు అన్నది న్యాయమైన ప్రశ్న. దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అంచనా వేశారు. ఏ లక్షణమూ లేనివాళ్లందరికీ పరీక్ష పెడితే మేలు జరుగుతుందని ఇంతవరకు గట్టి రుజువు లేదు. ఆ వాదనను ఒప్పుకుంటాను. కానీ దారి తప్పారా, డబ్బు లెక్క తడబడుతోందా, ఈమధ్య పడ్డారా, నిద్రమాత్ర వాడుతున్నారా అని ఇంట్లోవాళ్లని అడగడానికి రెండు నిమిషాలు చాలు. బీపీ పుస్తకంలోనే ఆ నాలుగు గడులూ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మీ ఇంటికి వచ్చిన ఏఎన్ఎం ఆ మాట అడిగి ఉంటే నాన్నగారు ఈపాటికి స్కాన్ గదిలో ఉండేవారు.

డిమెన్షియా వాళ్లకి పగటిపూట కనిపెట్టుకుని ఉండే కేంద్రాలు మన దగ్గర చాలా తక్కువ. కేరళ 2014లోనే ‘స్మృతిపథం’ పేరుతో ఈ పని మొదలుపెట్టింది. 70 దాటినవాళ్లకి ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది, నాన్నగారికి కార్డు తీసుకోండి, ఆపరేషన్ అవసరమైతే పనికొస్తుంది. అయితే అది ఆసుపత్రిలో చేరితేనే. ఇంట్లో రాత్రంతా మేలుకుని కాపలా కాసే మనిషికి అందులో ఏమీ లేదు. ఈ జబ్బులో అసలు భారం అక్కడే ఉంది, విధానాలు రాసేవాళ్లు ముందు చూడాల్సిందీ అదే.

2016 వికలాంగుల చట్టం చెప్పిన 21 వైకల్యాల్లో డిమెన్షియా పేరు విడిగా లేదు. మానసిక అనారోగ్యం కింద అంచనా వేసి సర్టిఫికెట్ ఇచ్చే వీలుంది, దానితో వచ్చే చాలా ప్రయోజనాలకి వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. దానికి ఇప్పుడే తొందరపడకండి, జబ్బేదో తేలాక చూద్దాం. వృద్ధుల సమస్యలకి 14567, మానసిక ఆరోగ్య సలహాకి 14416, రెండూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఈలోగా నాన్నగారిని ఒంటరిగా బయటికి పంపకండి. చొక్కా జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. బాత్‌రూమ్‌లో రాత్రంతా లైటు వేసి ఉంచండి, గోడకి పట్టుకునే రాడ్డు బిగించండి. స్కాన్ రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి, ఆ మాత్రల పేర్లు కూడా రాయండి.