మార్కుల లిస్టు లేని చదువు

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం. మా పాప ఎమ్మెస్సీ బోటనీ చేసి, అనంతపురంలో చెనిక్కాయ తెగుళ్ల మీద పీహెచ్‌డీలో చేరి ఏడాదిన్నర అయింది. మొదట్లో ప్రీ పీహెచ్‌డీ పరీక్ష రాసింది. ఆ తర్వాత పరీక్షా లేదు, మార్కులూ లేవు. ఎప్పుడైపోతుందంటే "అట్ల చెప్పలేం నాయనా" అంటోంది. అంతా గైడు చేతిలోనే ఉంటుందా? సంబంధాలు కూడా చూస్తున్నాం.

జవాబు: పాప మాట దాటేయడం లేదు, ఉన్నదే చెబుతోంది. పీహెచ్‌డీలో మార్కులతో తేలేది ఆ ప్రీ పీహెచ్‌డీ ఒక్కటే. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం, ఆ పరీక్ష కోసం చదివే కోర్సువర్క్ 12 నుంచి 16 క్రెడిట్లు, కనీసం 55 శాతం రావాలి. అది దాటితేనే థీసిస్, అంటే పరిశోధన గ్రంథం, ఇచ్చే అర్హత. దాటింది కాబట్టి దాన్ని మర్చిపోండి.

అసలు పరీక్ష ఇప్పుడు నడుస్తోంది. సెమిస్టరుకోసారి రీసెర్చ్ అడ్వయిజరీ కమిటీ ముందు తను చేసిన పని చూపించి, రిపోర్టు ఇవ్వాలి. నాలుగో స్లైడు పడకముందే ప్రశ్నలు మొదలవుతాయి. శాంపిళ్లు రెండు మండలాల్లోనే ఎందుకు తీశావు? ఈ ఆకుమచ్చ తిక్క తెగులేనని దేన్నిబట్టి తేల్చావు? వానలు పడని ఏడాది లెక్క ఏది? అక్కడ తడబడితే పరువు పోయినట్టు కాదు, ఆ ప్రశ్నలే తర్వాత థీసిస్‌ను కాపాడతాయి. పని తృప్తిగా లేకపోతే కమిటీ కారణాలు రాసి, ఎలా సరిదిద్దుకోవాలో చెప్పాలి. చెప్పినా చేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయొచ్చు. ఇంటికొచ్చినప్పుడు "పోయిన కమిటీలో ఏం రాశారమ్మా?" అని అడిగి చూడండి. మీకు కావలసిన ప్రోగ్రెస్ కార్డు అదే. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉంటే ఇంకో మెట్టు ఉంది: రెండేళ్ల తర్వాత కమిటీ పని చూసి ఒప్పుకుంటేనే ఎస్ఆర్ఎఫ్‌ (సీనియర్ ఫెలోషిప్)కు మారుస్తారు.

గైడు సంగతి. రోజువారీ పనిలో ఆయన మాటే చెల్లుతుంది, అది కాదనను. ఆయనతో పొసగక పిల్లలు పడే టెన్షనూ నాకు తెలుసు. కానీ డిగ్రీ ఆయనొక్కడు ఇచ్చేది కాదు. థీసిస్ ఇచ్చే ముందు కమిటీ ఎదుట, మిగతా స్కాలర్లూ అధ్యాపకులూ వినేలా ప్రజెంటేషన్ ఉంటుంది. తర్వాత కాపీ పరీక్ష. యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు పర్వాలేదు. 40 శాతం వరకైతే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ఆఖరి నెలలో రాత్రికి రాత్రి రాసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఆ పైన గైడుతో పాటు ఆ యూనివర్సిటీలో పనిచేయని ఇద్దరు నిపుణులైనా చదవాలి. బయటివాళ్లలో ఒకరు వద్దంటే ఇంకొకరికి పంపుతారు, ఆయనా కాదంటే థీసిస్ తిరస్కరించినట్టే. అందరూ సరేనంటే వైవా, అంటే నోటి పరీక్ష. అది కూడా తలుపులేసుకుని జరిపేది కాదు, ఎవరైనా స్కాలర్లు వచ్చి కూర్చోవచ్చు. వేరేవాళ్ల వైవాలకు రెండు మూడింటికి ఇప్పుడే వెళ్లి కూర్చోమనండి, భయం సగం పోతుంది. థీసిస్ ఇచ్చాక ఇదంతా ఆరు నెలల్లో ముగియాలని నియమం.

పేపర్లు ప్రచురించి తీరాలన్న షరతును యూజీసీ 2022లో తీసేసింది. అయినా యూనివర్సిటీ సొంత రూల్స్ ఏమున్నాయో పరిశోధన విభాగంలో కనుక్కోవడం మంచిది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఎలాగూ పేపర్లు అడుగుతారు.

ఇక పెళ్లి. కోర్సువర్క్‌తో కలిపి మూడేళ్లకు ముందు పీహెచ్‌డీ పూర్తికాదు, గరిష్ఠం ఆరేళ్లు. రీ రిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు, ఆడపిల్లలకు ఇంకో రెండేళ్లు అదనం. అంటే మొత్తం పదేళ్లు దాటకూడదు. ప్రసూతికి, పిల్లల పెంపకానికి 240 రోజుల వరకు సెలవుంది. పెళ్లై వేరే ఊరికి వెళ్తే పరిశోధన డేటాను అక్కడి సంస్థకు మార్చుకోవచ్చు. అయితే పాప పని ఏదైనా సంస్థ నిధులిచ్చిన ప్రాజెక్టులో భాగమైతే ఈ వీలుండదు. సంబంధం ఖాయం చేసుకునేలోపు ఈ ఒక్క విషయం పాపనడిగి తేల్చుకోండి.