కోరస్ గాయనికి ఆషాఢం జీతం

ప్రశ్న: హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా సినిమాలకు కోరస్, ట్రాక్‌లు పాడుతున్నాను. సంగీత్‌లు, ఈవెంట్లు, టీవీ షోలకు బ్యాకింగ్ కూడా చేస్తాను. వయసు 34. మావారు కీబోర్డు వాయిస్తారు. పాపకు ఏడేళ్లు. ఏడాదికి నాకు 7 లక్షల 20 వేలు, ఆయనకు 4 లక్షల 80 వేల దాకా పని ఉంటుంది. కానీ ఒక నెల లక్ష దాటితే ఇంకో నెల పదిహేను వేలు కూడా రావు. ఇంటి ఖర్చు 55 వేలు. బ్యాంకులో 4 లక్షలు, నెలకు 10 వేల చీటీ, లక్షన్నర గోల్డ్ లోన్ ఉన్నాయి. ఎన్నాళ్లని వెనక నిలబడి పాడతాను? సొంత ఆల్బమ్ చేయాలని ఉంది, 6 లక్షలవుతుందంటున్నారు. బ్యాంకులోది తీసి, చీటీ పాడి పెట్టమంటారా? అన్నట్టు, టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకునే డబ్బులిస్తారు. పన్ను కట్టేంత ఆదాయం లేదని రిటర్న్ ఎప్పుడూ వేయలేదు.

జవాబు: ఆల్బమ్ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ 4 లక్షల గురించి. దాన్ని మీరు మిగులు అనుకుంటున్నారు. నా లెక్కలో అది మిగులు కాదు.

మీ ఇంట్లో రెండు సంపాదనలున్నా రెండూ ఒకే చోటు నుంచి వస్తున్నాయి. ఆషాఢం, మూఢం వస్తే పెళ్లిళ్లు ఆగుతాయి, సంగీత్‌లూ ఆగుతాయి. అప్పుడు మీ మైకూ, ఆయన కీబోర్డూ ఒకేసారి ఖాళీ. ఉద్యోగం చేసే భర్త ఉన్న గాయనికి మూడు నెలల ఖర్చు పక్కనుంటే చాలు. మీకు ఆరు నెలలది కావాలి. ఇంటి ఖర్చుకు ఇన్సూరెన్స్ కలిపి నెలకు 60 వేలనుకుంటే 3 లక్షల 60 వేలు. మీ బ్యాంకులో ఉన్నది దాదాపు అంతే.

అందుకని రెండు ఖాతాలు పెట్టండి. ఎవరు ఏ పేమెంట్ ఇచ్చినా మొదటి ఖాతాలోకే, చేతికిచ్చిన క్యాష్ కూడా అందులోనే వేయండి. దాంట్లోంచి ప్రతి నెలా ఒకటో తారీఖున 60 వేలు ఇంటి ఖాతాకు వెళ్లాలి, అదే మీ జీతం. లక్షా ఇరవై వేలొచ్చిన నెలలోనూ అంతే, పదిహేను వేలొచ్చిన నెలలోనూ అంతే. సీజన్‌లో చేతి నిండా డబ్బుంటే ఖర్చు పెరగడం సహజం. మీరు అడగలేదు గానీ, ఆ గోల్డ్ లోన్ కూడా ఏ ఆషాఢంలోనో తీసుకున్నదే అయి ఉంటుంది.

ఇంకో అనుమానం. ఇద్దరిదీ కలిపితే 12 లక్షలు, ఇంటి ఖర్చు 6 లక్షల 60 వేలు, చీటీకి లక్షా ఇరవై వేలు. ఇంకా 4 లక్షల 20 వేలు ఏడాదికి మిగలాలి. ఎక్కడున్నాయి? నేననుకోవడం, 12 లక్షలన్నది మీతో ఒప్పుకున్న మొత్తం. చేతికొచ్చింది వేరు. కోఆర్డినేటర్ కమీషన్, టీడీఎస్, క్యాబ్‌లు, స్టేజీ బట్టలు, ‘రిలీజయ్యాక ఇస్తాం’ అన్న బాకీలు అందులోంచి పోవాలి. ఒక నోట్‌బుక్ పెట్టండి. పాడిన రోజే రాయండి: తేదీ, స్టూడియో, పిలిచిన కోఆర్డినేటర్, ఎన్ని పాటలు, ఒప్పుకున్నది ఎంత, టీడీఎస్ ఎంత, వచ్చింది ఎంత, ఎప్పుడు. సినిమా పేరు అప్పటికి పెట్టి ఉండరు కాబట్టి ‘ప్రొడక్షన్ నంబర్ 7, హీరో ఇంట్రో, హమ్మింగ్’ అని రాసుకున్నా చాలు. ఆర్నెల్ల తర్వాత బాకీ అడగడానికి ఆ ఒక్క లైనే ఆధారం.

ఆ నోట్‌బుక్‌కి ఇంకో పనుంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు గాయకులకు తమ ప్రదర్శన మీద రాయల్టీ హక్కు ఇచ్చారు. ఆ హక్కు 50 ఏళ్లుంటుంది. ఇది వసూలు చేసేందుకు 2013లో మొదలైన గాయకుల సంఘమే ఇస్రా, ఇప్పుడు దాని పేరు ఇసామ్రా. అయితే మీలాంటివారికి అదే చట్టంలో ఒక మెలిక ఉంది. సినిమాలో యాదృచ్ఛికంగా పాలుపంచుకుని, పరిశ్రమ అలవాటు ప్రకారం క్రెడిట్స్‌లో ఎక్కడా పేరు వేయని వాళ్లను రాయల్టీ విషయంలో ప్రదర్శకులుగా లెక్కించరు. కోరస్ పేర్లు ఎగిరిపోయేది సరిగ్గా ఇక్కడే. కాబట్టి టైటిల్స్‌లో, లిరికల్ వీడియో వివరాల్లో కోరస్ పేర్లు వేయమని కోఆర్డినేటర్‌ని మొహమాటపడకుండా అడగండి. ఫీజులో వెయ్యి తగ్గినా పేరు ఉండేలా చూసుకోమంటాను.

ఇక టీడీఎస్. మీ డబ్బు ప్రభుత్వం దగ్గర పడి ఉంది. సినిమా కోసం పాడే గాయకులను పన్ను చట్టం వృత్తి నిపుణుల్లో లెక్కేస్తుంది. వారికి 44ఏడీఏ అని అందరూ పిలిచే పద్ధతి వర్తిస్తుంది. అంటే వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల బిల్లులు అక్కర్లేదు. 7 లక్షల 20 వేలలో సగం 3 లక్షల 60 వేలు. కొత్త పన్ను విధానంలో దీని మీద పన్ను సున్నా, పట్టుకున్న పది శాతం వెనక్కి వస్తుంది. సంగీత్‌లు, ఈవెంట్ల డబ్బును ఏ పద్దు కింద చూపాలో మాత్రం ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి. ఏడాదిలో టీడీఎస్ 25 వేలు దాటితే, పన్ను లేకపోయినా రిటర్న్ వేయడం తప్పనిసరి. గడువు దాటినా డిసెంబర్ 31 వరకు వేయొచ్చు. ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌తో రీఫండ్ అడగడానికి వీల్లేదు.

ఇందులో ఒక చిక్కుంది. టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) ఇచ్చేవాళ్లు, ఇంటి లోన్ ఇచ్చేవాళ్లు రిటర్న్‌లోని ఆదాయమే చూస్తారు. మీకు నిజంగా మిగిలేది సగం కన్నా ఎక్కువైతే ఎక్కువే చూపండి, కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు కదా. పాప కోసం ఇద్దరికీ టర్మ్ పాలసీ కావాలి. ముగ్గురికీ కలిపి 10 లక్షల హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. గొంతులో నాడ్యూల్స్ (చిన్న గడ్డలు) వస్తే ఆపరేషన్ ఖర్చు ఆ పాలసీ తన నిబంధనల మేరకు ఇస్తుంది. డాక్టర్ మౌనంగా ఉండమన్న వారాల్లో పోయిన రికార్డింగుల డబ్బు ఇవ్వదు. ఆరు నెలల నిల్వ ముట్టుకోవద్దనడానికి ఇదీ ఒక కారణం. పాలసీ ఫారంలో ఇప్పటికే ఉన్న గొంతు సమస్య, ఎసిడిటీ దాచకండి.

చీటీ ఇప్పుడు పాడకండి, తొందరపడి ఎత్తితే పాటలో వదులుకునే డబ్బు ఎక్కువ పోతుంది. రీఫండ్, పాత బాకీలు వచ్చినవి వచ్చినట్టు గోల్డ్ లోన్‌కి కట్టేయండి.

ఆల్బమ్. 6 లక్షలు పెట్టొద్దు. స్ట్రీమింగ్ నుంచి ఆ డబ్బు తిరిగొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ అసలు చేయొద్దని అనను. మీ మాటల్లో ‘వెనక నిలబడి’ అన్నది కొంచెం నొచ్చుకున్నట్టుంది. పదకొండేళ్లు పిలుస్తూనే ఉన్నారంటే స్టూడియోల్లో మీరు నమ్మకమైన మనిషన్నమాట. ఒకే గాయని పది ట్రాకులు పాడి కోరస్ నింపేస్తున్న కాలంలో అది చిన్న విషయం కాదు. గోల్డ్ లోన్ తీరాక, ఆరు నెలల జీతం పోగా మొదటి ఖాతాలో మిగిలిన దాంట్లోంచి ఒక్క పాట చేయండి, లక్ష లోపు. డబ్బు పెట్టేది మీరు కాబట్టి నిర్మాత మీరేనని, రికార్డింగ్ హక్కు మీదేనని మ్యూజిక్ డైరెక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి. స్నేహితుడైనా సరే. ఆ పాట చూపించి స్టేజీ మీద సోలోకి ఎంత అడగగలరో చూడండి. రెండు సీజన్లలో ఒక్క ఆర్గనైజర్ కూడా రేటు పెంచకపోతే రెండో పాట డబ్బు పాప పీపీఎఫ్‌లో వేయండి.